ఎవరికి చెప్తున్నట్టు?

మా అక్క న్యూజెర్సీలో ఉంటుంది. పోయినేడు ఒకరోజు పొద్దున్నే వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. బావ బీపీ గోలీల డబ్బా, తెల్ల ప్లాస్టిక్‌ది. లేబుల్ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో తయారైన చోటు రాసుంది: పోలేపల్లి, జడ్చర్ల, మహబూబ్‌నగర్, 509301. దాని కింద అక్క మెసేజ్: "తమ్మీ, మన పిన్‌కోడ్‌రా!"

జడ్చర్ల వాళ్లకు ఇది పెద్ద వింతేం కాదు. పోలేపల్లి సెజ్‌లో అరబిందో, హెటిరో లాంటి కంపెనీల యూనిట్లున్నాయి. ఒకప్పుడు రైతుల చేతుల్లో ఉన్న భూముల్లో లేచిన ఆ షెడ్ల నుంచి గోలీలు అమెరికాకు పోతుంటాయి. అయినా ఏడు సముద్రాల అవతల, అక్క వంటగదిలో మన ఊరి పేరు కనపడితే ఒళ్లు పులకరిస్తుంది కదా. ఇంకో నాలుగు ఫొటోలు పంపమన్నాను. పంపింది. మూత మీద నొక్కి తిప్పమని బాణం గుర్తు. లోపల గోలీల మధ్య చిన్న తెల్ల సంచి, తేమ పీల్చుకునేది. దాని మీద పెద్దక్షరాలతో 'తినొద్దు' అని ఇంగ్లీషులో.

"గిది ఎవడు తింటడు?" అన్నాను.

"ఈడ అన్నిటి మీదా గిట్లనే రాస్తరు. హెయిర్ డ్రయర్ మీద నిద్రల వాడొద్దని ఉంది. పిల్లల బండి మీద, మడిచే ముందర పిల్లను బయటికి తియ్యాలని ఉంది."

ఇద్దరం నవ్వుకున్నాం. అమెరికా వాళ్ల లేబుళ్ల మీద నవ్వుకోవడం మనలాంటి చదువరులకు పాత అలవాటే. ఇంటర్నెట్‌లో ఆ జాబితాలు తిరుగుతూనే ఉంటాయి. ఆ నవ్వు ఆ రోజు అక్కడితో అయిపోయేదే. కానీ అదే ఏడు పత్తికి మందు కొట్టే రోజుల్లో మా మామ చేను గట్టు మీద పడిపోయాడు. దవాఖానలో డాక్టర్ అడిగిన ఒక ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఆ తర్వాత ఈ రెండు సీసాలను, అంటే అక్క వంటగదిలోదాన్నీ మామ కొట్టంలోదాన్నీ, రెండు పుస్తకాల్లాగా పక్కపక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ చదువు గురించి.

*

ముందు ఆ నవ్వు సంగతి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో లాసూట్ అబ్యూజ్ వాచ్ అనే సంస్థ 1990ల చివర్లో విచిత్రమైన హెచ్చరికల పోటీ ఒకటి మొదలుపెట్టింది. నవ్వు పుట్టించే లేబుల్ పంపినవాళ్లకు బహుమతి. కంపెనీల మీద జనం అయినదానికీ కానిదానికీ కేసులు వేయబట్టే ఇట్లాంటి రాతలు పుట్టుకొస్తున్నాయని చూపించడం వాళ్ల ఉద్దేశం. అంటే మనం నవ్వే నవ్వుకు ఒక రాజకీయం ఉంది. అది ఎక్కువగా కంపెనీల వైపు నిలబడి నవ్వే నవ్వు.

ఈ నవ్వుకు పెద్ద ఉదాహరణగా వేడి కాఫీ కేసును చెప్తుంటారు. కాఫీ వేడిగా ఉందని కేసు వేసి కోట్లు కొట్టేసిన ముసలమ్మ కథ మీరూ వినే ఉంటారు. అసలు సంగతి వేరు. 1992లో ఆల్బకర్కీలో స్టెల్లా లీబెక్ అనే 79 ఏళ్ల ఆవిడ ఆగి ఉన్న కారులో కూర్చుని మెక్‌డొనాల్డ్స్ కాఫీ కప్పు మూత తీస్తుంటే అది ఒళ్లో ఒలికింది. ఆ కాఫీ 80 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి. చర్మం లోపలిదాకా కాలింది, ఆసుపత్రిలో వేరేచోటి చర్మం తీసి అతకాల్సి వచ్చింది. ఆవిడ మొదట అడిగింది 20 వేల డాలర్లు. కంపెనీ ఇస్తానన్నది 800. అంతకుముందే ఇట్లా కాలినవాళ్ల ఫిర్యాదులు ఏడు వందల దాకా కంపెనీ దగ్గర ఉన్నాయని కోర్టులో తేలింది. 1994లో జ్యూరీ లక్షల డాలర్లు ఇవ్వమంది. జడ్జి దాన్ని బాగా తగ్గించాడు.

నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటుంది. ఆ కప్పు మీద హెచ్చరిక ముందే ఉంది. లేకపోవడం కాదు సమస్య, ఉన్నది చాలలేదని, అక్షరాలు అంత పెద్దగా లేవని జ్యూరీ అనుకుంది. అంటే ఒక చిన్న వాక్యాన్ని న్యాయస్థానంలో నిలబెట్టి, 'నువ్వు నీ పాఠకురాలికి అందావా లేదా?' అని అడిగారు. సాహిత్య విమర్శ చేసేవాళ్లం మనం ఇంత సూటిగా ఎప్పుడైనా అడిగామా?

'తినొద్దు' అన్న ఆ చిన్న సంచి వెనక ఈ భయం ఉంది. ఆ లేబుల్ తన పాఠకుణ్ణి తెలివితక్కువవాడనుకుంటే అనుకోవచ్చు. కానీ ఆ పాఠకుడు చదువుతాడనీ, అందకపోతే కోర్టుకెక్కుతాడనీ నమ్ముతుంది. అక్క డబ్బాకున్న ఆ నొక్కి తిప్పే మూత కూడా ఊరికే రాలేదు. చిన్నపిల్లలు గోలీలు మింగి చనిపోతుంటే 1970లో అక్కడ ఒక చట్టం చేశారు. ఆ చట్టం కోసం మా జడ్చర్ల దగ్గరి షెడ్డులో మూతలు బిగిస్తున్నారు.

*

ఇప్పుడు మామ కొట్టానికి పోదాం. జడ్చర్ల నుంచి ఎనిమిది కిలోమీటర్లు. రెండెకరాల పది గుంటల చెలక, పత్తి. కొట్టం గోడకు ఒక గూడు. గూట్లో సీసాలు. సీసా మెడకు రబ్బరు బ్యాండుతో కట్టిన మడతల కాగితం. విప్పితే దస్తీ అంత అవుతుంది. పది భాషలు. కన్నడానికీ తమిళానికీ మధ్య ఇరుక్కుని మన తెలుగు. భూతద్దం కావాలి.

ఈ కాగితం కూడా ఊరికే రాలేదు. 1968 క్రిమిసంహారక మందుల చట్టం, దాని కింద 1971లో చేసిన నియమాలు చెప్తే వచ్చింది. లేబుల్, కాగితం హిందీలో, ఇంగ్లీషులో, సరుకు అమ్ముడుపోయే ప్రాంతపు భాష ఒకటి రెండింటిలో ఉండాలి. ఇది మంచి నియమం. ఎందుకంటే మన దేశంలో మామూలు ప్యాకెట్ సరుకు మీది వివరాలకు హిందీ గానీ ఇంగ్లీషు గానీ ఉంటే చాలు, తెలుగు ఉండాలన్న నిబంధన లేదు. పురుగుమందు మీద మాత్రం తెలుగు ఉండి తీరాలి. మరి ఉన్న ఆ తెలుగు ఎట్లాంటిది?

'ఉపయోగించుటకు ముందు జతపరచిన కరపత్రమును చదువవలెను.' 'పిచికారీ చేయునపుడు రక్షణ దుస్తులు ధరించవలెను.' 'గాలి వీచు దిశకు ఎదురుగా పిచికారీ చేయరాదు.' ఈ ధోరణి మీకు తెలిసిందే. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం కొట్లాడి కొట్లాడి 1940లో కన్నుమూశారు. కథ, పత్రిక, పాఠ్యపుస్తకం, యూనివర్సిటీ థీసిస్ అన్నీ మెల్లమెల్లగా ఆయన దారికి వచ్చాయి. ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆయన గెలవని ఒక కోట మాత్రం మిగిలిపోయింది. అది పురుగుమందు సీసా. సరిగ్గా ఆగస్టు చివర్లోనే పత్తికి మందు కొట్టే పని జోరుగా ఉంటుంది.

ఇది పాత తెలుగు అన్నది నా ఫిర్యాదు కాదు. పాత తెలుగు నాకిష్టమే. ఇది ఎవరితోనూ మాట్లాడని తెలుగు. మన భాషలో ఒక పని చెప్పాలంటే ఎదుటివాడెవరో క్రియలోనే తెలిసిపోతుంది. 'కొట్టకు' అంటే తమ్ముడు, 'కొట్టకుండ్రి' అంటే మామ. '-వలెను', '-రాదు' అన్నచోట ఆ మనిషి మాయమైపోతాడు. చెప్పేవాడూ లేడు, వినేవాడూ లేడు. ఆజ్ఞ ఒక్కటే గాలిలో వేలాడుతుంటుంది. అక్క డబ్బాలో సంచి మీది ఇంగ్లీషు కరుకుగా ఉండొచ్చు, కానీ తల్లి పిల్లాడితో అనే మాట కూడా అదే. మన సీసా మీది వాక్యం ఏ తల్లీ ఏ పిల్లాడితో అనేది కాదు.

మాటల సంగతి కూడా చూడండి. 'కరపత్రం' అంటే మా ఊళ్లో ఎలక్షన్లప్పుడు పంచేది. 'పిచికారీ' ఎవరూ అనరు, 'మందు కొట్టుడు' అంటారు. ఇక ఆ 'మందు' అన్న మాటతోనే పెద్ద చిక్కుంది. జ్వరానికి వేసుకునేది మందు. సాయంత్రం తాగేది మందు. తుపాకిలో కూరేది మందు. మొగుణ్ణి లొంగదీసుకోవడానికి అన్నంలో పెడుతుందని అనుమానపడేదీ మందే. పురుగును చంపేదీ మందే. నయం చేసేదానికీ చంపేదానికీ ఒకటే మాట ఉన్న భాషలో లేబుల్ రాసేవాడికి మొదటి పని ఈ రెంటినీ విడదీయడం. 'ఇది రోగానికి మందు కాదు, విషం' అని చెప్పగలగడం. దానికి బదులు 'కీటకనాశిని' అని రాస్తారు. ఎవరూ వాడని మాట రాశాక భయం మాత్రం ఎక్కడినుంచి వస్తుంది?

*

చదివిస్తే సరిపోతుందా? ఆ కాగితంలో మోతాదు పట్టిక ఉంటుంది. పంట, పురుగు, హెక్టారుకు ఎంత మందు, ఎన్ని లీటర్ల నీళ్లు. మామకు హెక్టారు తెలీదు. మా దగ్గర భూమి ఎకరాలు, గుంటలు. నలభై గుంటలు ఒక ఎకరం. హెక్టారంటే దాదాపు 99 గుంటలు. ఉదాహరణకు హెక్టారుకు 500 మిల్లీలీటర్లు, 500 లీటర్ల నీళ్లలో అని రాసుందనుకోండి. మామ రెండెకరాల పది గుంటలకు మందు ఎంత? సుమారు 455 మిల్లీలీటర్లు. పంపు 16 లీటర్లదైతే 28 పంపులు పైన, పంపుకు 16 మిల్లీలీటర్లు. నేను దీన్ని ఫోన్‌లో లెక్కేసుకున్నాను. చేతిలో మందు, వీపున పంపు, నెత్తి మీద ఎండ ఉన్న మనిషి వెయ్యాల్సిన లెక్క ఇది. అతని దగ్గరున్న కొలత ఒక్కటే, సీసా మూత.

అందుకే అతను కాగితం చదవడు. మందుల షాపాయన మాట వింటాడు. షాపాయన సిగరెట్ ప్యాకెట్ అట్ట చింపి దాని మీద రాసిస్తాడు: 'పంపుకు రెండు మూతలు. పొద్దుగాల కొట్టు.' విమర్శకుడిగా చెప్పాలంటే ఈ చీటీ ఆ కాగితం కంటే ఎంతో మంచి రచన. ఎవరితో మాట్లాడుతున్నదో దానికి తెలుసు. కొలత పాఠకుడి చేతిలో ఉన్నదే. అనవసరమైన మాట ఒక్కటి లేదు. అయితే దానికి రెండు లోపాలున్నాయి. షాపాయన సరుకు అమ్ముకునేవాడు, రెండు మూతలు ఒకటి కావడం కంటే మూడు కావడమే అతనికి లాభం. ఇంకోటి, ప్రమాదం సంగతి చీటీలో ఎప్పుడూ ఉండదు. నిజం తెలిసినవాడికి భాష రాదు, భాష వచ్చినవాడు నిజం మొత్తం చెప్పడు. మామ ఈ ఇద్దరి మధ్యన నిలబడి పంపు కొడుతున్నాడు.

చదువు రానివాళ్ల కోసం రంగులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. లేబుల్ మీద కోణాన నిలబెట్టిన చతురస్రం, అందులో కింది సగం రంగు త్రికోణం. ఎరుపు అన్నిటికంటే ఘాటు విషం. తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. నోటి ద్వారా కడుపులోకి పోతే ఎలుకల్లాంటి జంతువుల్లో సగం చచ్చే మోతాదును బట్టి ఈ విభజన: కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపు ఎరుపు, 500 దాకా పసుపు, 5000 దాకా నీలం, ఆ పైన ఆకుపచ్చ. పుర్రె, ఎముకల బొమ్మ ఎరుపుకు మాత్రమే. పసుపుకు 'విషం' అన్న మాట ఉంటుంది కానీ పుర్రె ఉండదు.

దీన్ని మన కళ్లతో చూడండి. ఎరుపు, పసుపు అంటే మన ఇళ్లలో గడప. పసుపు కుంకుమ. ఆకుపచ్చ అంటే చేను బాగుందని. సిగ్నల్ లైట్లు చూసినవాడికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అర్థం కావచ్చు, మరి నీలం ఏంటి? నీలం ముందా, పసుపు ముందా? ఎవరూ చెప్పలేదు. పారాక్వాట్ అనే గడ్డిమందుది పసుపు త్రికోణం. దానికి విరుగుడు లేదని డాక్టర్లు తలలు పట్టుకుంటారు. దాని సీసా మీద పుర్రె లేదు. పట్టిక ఎలుకల లెక్కలో తప్పు లేకపోవచ్చు. చూసే మనిషికి మాత్రం అది అబద్ధమే చెప్తోంది.

గుర్తులు మన జనానికి ఎక్కవు అనకండి. బిస్కెట్ ప్యాకెట్ మీది పచ్చచుక్క తెలియనివాళ్లు మన దేశంలో ఎంతమంది? అక్షరం ముక్క రాని అవ్వ కూడా చూసి 'శాకాహారమే' అంటుంది. అదీ గవర్నమెంటు పెట్టిన గుర్తే. రంగులు సరిగా కనపడనివాళ్ల కోసమని ఈమధ్య మాంసాహారం గుర్తును గోధుమరంగు త్రికోణం కూడా చేశారు. అంటే ఏది ముట్టుకోవాలి, ఏది ముట్టుకోకూడదు అన్న పట్టింపు ఎక్కడ ఉందో అక్కడ గుర్తు ఇట్టే జనంలోకి పోయింది. దానికి వెనక కులం, ఆచారం, అడిగే నోరున్న కొనుగోలుదారు ఉన్నారు. కూలి మనిషి ఊపిరితిత్తుల వెనక ఎవరున్నారు? పైగా అన్నం గిన్నె దగ్గర 'పచ్చ అంటే శుద్ధం' అని నేర్పి, చేను గట్టు మీద 'పచ్చ అంటే కొంచెం విషం' అని అర్థం చేసుకోమంటున్నాం.

*

మామ సంగతికి వస్తాను. ఆ రోజు మధ్యాహ్నం దాకా కొట్టాడు. ముక్కుకు దస్తీ కట్టుకున్నాడు, కాళ్లకు చెప్పులు కూడా లేవు. కాగితంలో చెప్పినట్టు రబ్బరు చేతితొడుగులు, బూట్లు, ఒళ్లంతా కప్పే బట్టలు వేసుకుని ఆ ఉక్కలో గంటసేపు పంపు మోస్తే మందు కంటే ముందు వడదెబ్బే తగులుతుంది. ఆ కాగితం ఊహించుకున్న రైతుకు చెమట పట్టదు.

చెమటలు పోసి, కండ్లు మసకబారి, నోట్లో నుంచి నీళ్లు కారుతూ పడిపోయాడు. బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని దవాఖానకు తెచ్చాం. డాక్టరమ్మ కంటిపాప చూసి అడిగిన మొదటి ప్రశ్న: "ఏం మందు? డబ్బా తెచ్చినరా?"

తేలేదు. పత్తి మందు అన్నాం. పేరు? షాపాయన ఇచ్చింది. ఏ రంగు త్రికోణం? అత్త నా మొఖం చూసింది. నేను బండి తీసుకుని వెనక్కి పోయాను. గూట్లో మూడు సీసాలున్నాయి, ఆ రోజు కొట్టింది ఏదో తెలీదు. ఒకటి చేను గట్టున దొరికింది. లేబుల్ నీళ్లకు నాని సగం ఊడిపోయింది. మెడకున్న కాగితం మంచె కింద, బీడీలు చుట్టి పెట్టుకున్న పొట్లంగా దొరికింది. దాని మీద పేరుంది. అడుగున ఇంగ్లీషులో విరుగుడు అట్రోపిన్ అని కూడా ఉంది. దాన్నే తీసుకుని పోయాను. అప్పటికే డాక్టరమ్మ లక్షణాలు చూసి అదే మొదలుపెట్టింది. మామ బతికాడు.

అన్నిరోజులు నవ్వుకున్న ఆ కాగితంలో ఒకే ఒక్క వాక్యం ప్రాణానికి అక్కరకొచ్చేది. అది మామ చదవాల్సిన వాక్యం కాదు, డాక్టర్ చదవాల్సింది. 'ఈ కాగితం మీ వెంట దవాఖానకు రావాలి' అన్న ముక్క మాత్రం మామకు తెలిసేటట్టు ఎవరూ చెప్పలేదు. పది భాషల్లో నూరు జాగ్రత్తల మధ్య అది మునిగిపోయింది. అన్నీ చెప్పినట్టు కనపడాలనుకునే రచనకు వచ్చే జబ్బే ఇది. ఏది ముఖ్యమో అది చెప్పదు, ఎందుకంటే ఒకటి ఎక్కువ చెప్తే ఇంకోటి తక్కువ చెప్పినట్టవుతుంది, రేపు ఆ తక్కువ చెప్పినదాని మీద కేసు పడొచ్చు.

మామ అదృష్టవంతుడు. 2017లో మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. 2013 జులైలో బీహార్‌లోని గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. 'ఖాళీ డబ్బాలను ధ్వంసం చేయవలెను' అని సీసాల మీద రాసే ఉంటుంది. మా ఊళ్లో ఖాళీ డబ్బాకు మూత గట్టిగా ఉంటే దాన్ని ఎవరూ ధ్వంసం చేయరు. కడిగి నీళ్లు పోసుకుంటారు.

*

చట్టం సంగతి కూడా ఒకటి చెప్పి ముగిస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సరుకు వల్ల హాని జరిగితే తయారుచేసినవాడిదే బాధ్యత అనే అధ్యాయం ఒకటి వచ్చింది. సరిపోయే సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం కూడా అందులో తప్పే. అమెరికాలో లీబెక్ అడిగిన ప్రశ్న ఇక్కడా అడగొచ్చన్నమాట. సంతోషించి 84వ సెక్షన్ నుంచి 87కు వస్తే మినహాయింపులున్నాయి. అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించకపోతే బాధ్యత లేదు. పనిచోట వాడటానికి యజమాని కొన్న సరుకైతే, హెచ్చరిక యజమానికి అందితే చాలు, కంపెనీకి బాధ్యత లేదు.

ఇప్పుడు మా ఊరి చేలు చూడండి. సీసా కొనేది ఆసామి. కొట్టేది కూలి. మందు బకెట్లో కలిపేది చాలాసార్లు ఆడమనిషి. కూలి చేతికొచ్చేసరికి అది తెల్లటి నీళ్లు. అతను సీసానే చూడడు, త్రికోణం సంగతి దేవుడెరుగు. చేను 'పనిచోటు' అవుతుందో కాదో కోర్టులే చెప్పాలి. కానీ ఆ వాక్యం వెనక ఉన్న ఊహ చూడండి: యజమానికి చెప్తే పనివాడికి చెప్పినట్టే. మన లేబుల్ భాషలో ఎదుటి మనిషి ఎందుకు మాయమయ్యాడో నాకు ఇక్కడ అర్థమైంది. ఆ '-వలెను' రైతుతో అన్నది కాదు. ఇన్‌స్పెక్టర్‌తో, రేపటి జడ్జితో అన్నది. 'మేం రాశాం' అన్న సాక్ష్యం అది. సాక్ష్యానికి పాఠకుడు అక్కర్లేదు, ఫైలు చాలు.

అక్క డబ్బా మీది రాతా కోర్టు కోసమే పుట్టింది. కానీ అక్కడ కోర్టుకు వచ్చే మనిషి దాన్ని వాడినవాడే. అందుకే ఆ రాత కాస్త పిచ్చిగానైనా అతని దాకా పోవాలని చూస్తుంది. మా దగ్గర కోర్టుకు ఎవరూ రారని అందరికీ తెలుసు. ఒకటే మండలం. ఒక షెడ్డులో, ఎక్కడో ఉన్న ఒక పిల్ల మూత తీస్తుందేమోనని ఆలోచించి మూత బిగిస్తున్నారు. నాలుగు మైళ్ల అవతల మామ పంటితో సీల్ కొరికి మందు సీసా తెరుస్తున్నాడు. 'తినొద్దు' అన్న సంచి మీద నవ్వినందుకు నేనిప్పుడు సిగ్గుపడటం లేదు. కానీ నవ్వాల్సింది దాని మీద కాదని తెలిసింది. ఎవరూ చేయని పని చేయొద్దని చెప్పే లేబుల్ కంటే, అందరూ చేసే పని చేయొద్దని ఎవరికీ వినపడకుండా చెప్పే లేబుల్ పిచ్చిది.

తప్పు పట్టడం తేలికే, నువ్వు రాసి చూపించు అంటారు కదా. మామ లేచి తిరిగిన తర్వాత అత్త ఆ మాటే అంది. "గింత సదివితివి, మాకు తెల్సేటట్టు రాయరాదు?" పాత క్యాలెండర్ వెనక మార్కర్‌తో రాశాను. మూడుసార్లు చింపాల్సి వచ్చింది. మొదటిసారి నాకూ '-వలెను'లే వచ్చాయి. రెండోసారి ఇరవై వాక్యాలయ్యాయి. మూడోసారి అత్త చెప్తుంటే రాశాను:

ఇది మందు కాదు, విషం.
గాలి వీపుకు తగలాలె, మొఖానికి తగలొద్దు.
చేతులు సబ్బుతో కడగంది బీడీ ముట్టకు, బువ్వ ముట్టకు.
తల తిరిగితే పంపు దించు. తడిసిన బట్టలు ఇడువు. ఒళ్లు కడుగు. దవాఖానకు పో. సీసా పట్టుకొని పో.
ఖాళీ సీసల నీళ్లు పొయ్యకు, నూనె పొయ్యకు.

దీంట్లో ఎన్నో లేవు. మోతాదు లేదు, విరుగుడు లేదు, చేతితొడుగుల మాట లేదు. ఏ ఇన్‌స్పెక్టరూ దీన్ని ఒప్పుకోడు. కూలికి వచ్చినవాళ్లు కొట్టం ముందర ఆగి చదివారు. చదువు రాని ఒకాయన, ఏం రాసిండ్రని అడిగితే అత్త నిలబడి చదివి వినిపించింది. ఆయన నాలుగో మాట దగ్గర ఆపి, "సీసా ఎందుకు పట్టుకపోవాలె?" అన్నాడు. అత్త చెప్పింది. ఈ సీసాల మీది తెలుగును ఇన్నేళ్లలో ఎవరైనా ఎదురు ప్రశ్న వేయడం నేను చూడటం అదే మొదటిసారి.